రికార్డు షీటు వెనకవైపు

ఒంటిపూట బడి వదిలాక ఆ పాలెం మీద ఒకరకమైన మగత కమ్ముకుంటుంది. ప్రత్తిపాడు నుంచి నాలుగు మైళ్ళు లోపలికి, నల్లరేగడి మధ్య ఉన్న ఊరది. చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉంటాయి. ఎటు చూసినా ఎరుపే. ఆ ఎరుపు మీద నుంచి లేచే వేడికి, దూరంగా నడిచే మనుషులు మోకాటి లోతు నీళ్ళలో నడుస్తున్నట్టు కనబడతారు. చేలల్లో పత్తికట్టె పీకేసి చాలా రోజులైంది. అయినా కంపకు చిక్కుకున్న దూదిపింజెలు ఒకటీ అరా ఊడి, ఎవరినో పలకరించడానికి బయలుదేరినట్టు నింపాదిగా వచ్చి, బడి కిటికీలోంచి దూరి, బల్లల మీద కాసేపు కూర్చుని పోతుంటాయి. రెబ్కా టీచరు వాటిని తోలదు. పిల్లలు వెళ్ళిపోయాక ఆవిడకు తోడు అవే.

మిగతా ఇద్దరు టీచర్లూ గంట కొట్టగానే సైకిళ్ళెక్కేస్తారు. రెబ్కా మాత్రం రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంటుంది. హెడ్మాస్టరు ప్రేమదాసు గారికి చెయ్యి వణుకు వచ్చిన దగ్గర్నుంచి బడి రాతకోతలన్నీ ఆవిడ నెత్తినే పడ్డాయి. "నీ దస్తూరీ ముత్యాలే అమ్మా" అన్న ఒక్క మెచ్చుకోలు పారేసి, ఆ పెద్దమనిషి పదహారేళ్ళుగా ఆవిడ చేత పని చేయించుకుంటున్నాడు. ఆవిడ కూడా ఆ మాటకు పదహారేళ్ళుగా లోలోపల పొంగిపోతూనే ఉంది.

మండలాలు వచ్చిన మరుసటి ఏడు అది. ఉగాది వెళ్ళిన సోమవారం, ఆ మగత వేళలోనే యలమందయ్య వచ్చాడు. తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, చెప్పులు మెట్ల కింద విడిచి, గుమ్మం అవతలే నిలబడ్డాడు. కౌలు సేద్యం చేసే మనిషి. రెండేళ్ళ క్రితం కనిగిరి వైపు నుంచి పెళ్ళాన్నీ, తల్లీ తండ్రీ పోయిన తన తమ్ముడి కూతురు కోటిరత్నాన్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. నెమ్మదస్తుడని ఊళ్ళో పేరు.

"నమస్కారం టీచరమ్మా. కౌలు తీరిపోయిందండి. పెదకాకాని అవతల మా బావమరిది ఊళ్ళో చేను కుదిరింది. ఆదివారం సామాను బండికెత్తాలి. మా రత్నం కాయితం ఇప్పిస్తే..."

"పది రోజుల్లో పరీక్షలుగా యలమందయ్యా. అయిందాకా ఉంచగూడదూ?"

"ఉంచుదామనే ఉందండి. ఇల్లు ఖాళీ చెయ్యమంటన్నారు. అక్కడి బళ్ళో రాసుకోనిస్తారంట. కాయితం తెమ్మన్నారు, అంతే."

కాయితం అంటే రికార్డు షీటు. చిన్న బడి నుంచి ఇంకో చిన్న బడికి పోయే పిల్ల చేతికి ఇచ్చేది అదొక్కటే. రెబ్కా సరేనంది. అతను దణ్ణం పెట్టి మెట్లు దిగాడు. కాలిన నేల మీద చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా ఆవిడ కలం పట్టుకుని అలాగే కూర్చుంది. 

సొరుగులో నలభై పేజీల నోటుపుస్తకం ఒకటుంది. అట్ట మీద పేరు లేదు. మొదటి పేజీలో, కిందటేడు ఆగస్టు పన్నెండు తేదీ వేసి, ముత్యాల్లాంటి ఆ దస్తూరీతో ఇలా ఉంది: 'కోటిరత్నం కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు పెగలడం లేదు. కల్లాల్లో కాయ లేదు.'

చివరి మాటే అసలు మాట. మిర్చి కాలంలో ఆ ఊళ్ళో ఎర్రబడని కళ్ళుండవు. పిల్లలంతా తెల్లవారుజామునే కల్లాలకు పోయి తొడిమలు తీసి, ఆ చేతులతోనే కళ్ళు నలుపుకుని, దగ్గుకుంటూ బడికి వస్తారు. ఎవరు ఎందుకు దగ్గుతున్నారో అడిగే నాథుడు లేడు. కాని శ్రావణంలో, ముసురు పట్టి ఊరంతా పచ్చిగా ఉన్నప్పుడు, ఒక్క రత్నం కళ్ళు మాత్రం ఎర్రగా ఎందుకున్నాయి? రెబ్కా అడిగితే మొదట పొయ్యి పొగ అంది. మూడోసారి అడిగితే ఏడ్చింది. మాట విననప్పుడు పెద్దమ్మ కుంపట్లో ఎండు మిరపకాయలు వేసి, మెడ పట్టుకుని ముఖం దాని మీదకు వంచుతుందని చెప్పింది. ఆ నోటుపుస్తకంలో అలాంటి తేదీలు పదకొండున్నాయి.

రెబ్కా ఊరుకోలేదు. ఇంటికి వెళ్ళి ఆ పెద్దమ్మ వెంకటేశ్వరమ్మతో మాట్లాడింది. ప్రేమదాసు గారి చేత యలమందయ్యకు చెప్పించింది. కొన్నాళ్ళు ఆగింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ వెళ్ళి కూర్చుంది. సంక్రాంతి ముందు నుంచీ మాత్రం కొత్త తేదీ పడలేదు. వీధిలో టీచరు కనపడుతుంటే ఆ ఇంట్లో కుంపటి ఆరి ఉంటోందని ఆవిడకు అర్థమైంది. తాను కనిపెట్టింది కాబట్టి పిల్ల బతికిందని, ఎవరికీ చెప్పని చిన్న గర్వం కూడా ఉంది. ఇప్పుడు పిల్ల వెళ్ళిపోతోంది. అక్కడ ఎవరికి తెలుసు? వచ్చే శ్రావణంలో ఆ కళ్ళు ఎవరు చూస్తారు?

ప్రేమదాసు గారు వరండాలో పడక కుర్చీలో వాలి, ముఖం మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. రెబ్కా ఖాళీ రికార్డు షీటునూ నోటుపుస్తకాన్నీ తెచ్చి ఆయన పక్కన బల్ల మీద పెట్టింది.

"మాస్టారూ, ఇది గూడా పంపాలి."

ఆయన తువ్వాలు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, షీటు మీద వేలితో ఒక్కో గడే వెతికాడు.

"ఎక్కడ పెడతావమ్మా? పేరుకు గడి ఉంది. పుట్టిన తేదీకుంది. పుట్టుమచ్చలకు రెండు గీతలున్నాయి. నడవడికకు ఉంది, బాగు అని రాస్తాం. దీనికేదీ?"

"విడిగా ఉత్తరం రాస్తా."

"రాస్తే ఏమవుద్దో చెప్పనా? పిల్ల ఆ ఊళ్ళో కాలు పెట్టకముందే పేరు పడిపోద్ది. మొండిదయ్యుంటది, చేతివాటం ఉండుంటది, లేకపోతే ఊరికే ఎందుకు పెడతారూ అంటారు. మనుషులు అట్టాగే అనుకుంటారమ్మా. కాయితం మీద పడ్డ మాట పిల్ల వెనకాలే పోతది, పెళ్ళి దాకా పోతది. కొత్త ఊరు. కొత్తగా మొదలుపెట్టుకోనీ."

ఆయన పిరికితనంతో అన్నమాట కాదది. నలభై ఏళ్ళు పిల్లల్ని చూసిన మనిషి. రెబ్కాకు కోపం రావాల్సింది, రాలేదు. అదే ఇబ్బంది. ఆయన మాటలో నిజముంది, ఆవిడ భయంలోనూ నిజముంది. రెండింటి మధ్యా ఆ ఖాళీ షీటు గాలికి చిన్నగా కొట్టుకుంటోంది.

మంగళవారం మధ్యాహ్నం షీటు నింపడానికి కూర్చుంది. పుట్టిన తేదీ సరిచూసుకోవాలి. దానికి పిల్ల పాత బడి నుంచి తెచ్చిన షీటు తీయాలి. వచ్చిన షీట్లకు వేరే పుస్తకముంది. పాత జమాబందీ పుస్తకం లాంటి లావుపాటి పుస్తకం. ఒకప్పుడు షీట్లు అందులో ఊరికే దోపేవారు. ఒక ఇన్‌స్పెక్టరు గారు వచ్చి తిరగేస్తుంటే నాలుగు జారి ఒళ్ళో పడ్డాయి. 'కాగితముల యందు శ్రద్ధ లేదు' అని విజిటర్సు బుక్కులో రాసిపోయాడు మహానుభావుడు. ఆ దెబ్బకు ప్రేమదాసు గారు మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. అప్పటి నుంచి ఏటా జూన్‌లో రెబ్కా మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం కలిపి, షీట్లన్నిటికీ వెనకంతా దట్టంగా జిగురు పూసి, మూలలు లేవకుండా గుడ్డతో ఒత్తి మరీ అతికిస్తుంది. తరవాత వచ్చిన ఇన్‌స్పెక్టర్లంతా ఆ పుస్తకాన్ని మెచ్చుకున్నారు.

రత్నం పేజీ దొరికింది. పుట్టిన తేదీ గడి మీద వేలు పెట్టి చదవబోయి ఆగింది. వేలికి ఏదో గరగరగా తగిలింది. నున్నగా ఉండాల్సిన చోట చిన్న చిన్న గట్లు. పక్క గడి మీద పెట్టింది. అక్కడా అంతే. కళ్ళు మూసుకుని షీటు మీద అరచేయి ఆనించి మెల్లగా జరిపింది. చెయ్యి కింద వరసలు తగులుతున్నాయి, ఒకదాని కింద ఒకటి, పై నుంచి కిందికి.

బాల్ పెన్ను గట్టిగా ఒత్తి రాస్తే అవతలి వైపు తేలే గట్లు అవి.

రెబ్కా లేచి కూజాలోంచి నీళ్ళు వంచి, బల్ల తుడిచే గుడ్డ తడిపి, షీటు మీద పరిచింది. జిగురు నానాలి. కిటికీలోంచి ఒక పింజె వచ్చి తడిగుడ్డ మీద వాలి అక్కడే ఉండిపోయింది. ఎంతసేపు కూర్చుందో ఆవిడకు తెలియలేదు. కల్లంలో ఎవరో పారతో కాయ తిరగేస్తున్నారు. గలగల చప్పుడు వస్తోంది, పోతోంది. 

గుడ్డ తీసి, మూల నుంచి గోటితో లేపింది. మైలతుత్తం వేళ్ళకు నీలంగా అంటుకుంది. షీటు ఊడివచ్చింది. అక్కడక్కడా ఒక మాట పేజీకే అంటుకుపోయింది, మిగతాది చదవగలిగింది.

'ఈ పాప తరగతి తీసుకొనే టీచరు గారికి. పాపకు ఇంట్లో మిరపకాయల పొగ పెడుతున్నారు. అడిగితే మానేశామని ప్రమాణం చేశారు. మానలేదు. ఇక్కడైతే నేను సాయంత్రాలు వెళ్ళి కూర్చునేదాన్ని. ఇక నుంచి మీరు చూసుకోవాలి. కాయ లేని కాలంలో కళ్ళు చూడండి. నా మాట నమ్మండి. ఖాదర్‌బీ, సెకండరీ గ్రేడు టీచరు.'

కింద పేజీ మార్జిన్‌లో, ముత్యాల్లాంటి దస్తూరీతో ఇంకో మాట ఉంది. 'అతికించితిని. 18-6-84. రె.'

రెబ్కా మొదట లెక్కపెట్టింది. జూన్ నుంచి మరుసటి ఆగస్టు దాకా. పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలల్లో ఎన్ని తేదీలో ఏ నోటుపుస్తకంలోనూ లేవు. తరవాత లెక్క మానేసి, నీలం వేళ్ళతోనే ముఖం కప్పుకుని ఏడ్చింది. తాను కనిపెట్టానని మురిసిపోయిన సంగతిని ఎవరో ఒకావిడ ముందే కనిపెట్టి, నమ్మి, తన చేతికి పంపించింది. తాను దాని నోరు మూసి, మూలలు లేవకుండా ఒత్తింది. ఇంత సిగ్గు ఆవిడ జన్మలో పడలేదు.

బుధవారం బడి వదలగానే ఆ షీటు ప్రేమదాసు గారి ముందు బోర్లా పెట్టింది. ఆయన చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. 

"అతికించమన్నది నేనేగా" అన్నాడు చివరికి.

"అతికించింది నేను మాస్టారూ."

"ఈవిడెవరో... వెనక రాసిందంటే ముందువైపు గడి దొరకలేదన్నమాట." ఆయన షీటును అటూ ఇటూ తిప్పాడు. "మొన్న నీకు చెప్పానే, కాయితం మీద పడ్డ మాట పిల్ల వెనకాలే పోతదని. పోలేదమ్మా. మన దగ్గరే ఆగిపోయింది. ఆ పోకపోవడమే పిల్ల మీద పడింది. రాయి. ఏం రాస్తావో రాయి, కింద నేనూ సంతకం పెడతా."

రెబ్కా రాసింది. పదకొండు తేదీలూ, ఖాదర్‌బీ మాటలూ, ఏం చేస్తే తగ్గిందో కూడా రాసింది. పిల్ల మంచిదని, లెక్కలు బాగా చేస్తుందని కూడా రాసింది. ప్రేమదాసు గారు సంతకం పెట్టడానికి కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. ఒక్కో అక్షరం దిగడానికి ఎంత సమయం పట్టిందంటే, ఆవిడ చూడలేక కల్లాల వైపు చూసింది.

"పోస్టులో వేయించనా?" అన్నాడాయన.

"వద్దు మాస్టారూ. నేనే పట్టుకుపోతా. వాళ్ళ బళ్ళో కాగితాల్ని ఏం చేస్తారో నాకేం తెలుసు? శనివారం సెలవిప్పించండి."

యలమందయ్య సంతోషంగానే ఒప్పుకున్నాడు. టీచరమ్మకు గుంటూరులో పనుందట, పిల్లను తానే చేర్పించి, ఇంటి దగ్గర దింపుతుందట. అతనికి ఒక తిరుగుడు తప్పింది. వెంకటేశ్వరమ్మ అప్పటికే ముందుగా వెళ్ళి కొత్త ఇల్లు అలుకుతోంది.

శనివారం పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు. రత్నం కిటికీ పక్కన కూర్చుంది. పదేళ్ళ పిల్ల. నూనె రాసి బిగించిన రెండు జడలు, ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో పలకా పుస్తకాలూ. బస్సు మెల్లగా పోతోంది. రెండు వైపులా ఎర్రటి కల్లాలు, వాటి పక్కన ఆకాశమంత ఎత్తు పత్తికట్టె మోపులు, వాటి మధ్య కాయ నింపిన టిక్కీల మూతులు కుట్టే మనుషులు. ఒక కల్లం దాటగానే ఇంకొకటి వస్తోంది. దుమ్ములోంచి సూర్యుడు పాలిపోయి కనిపిస్తున్నాడు. బస్సులో సగంమంది నిద్రపోతున్నారు. డ్రైవరు కూడా నిద్రపోతున్నాడేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది రెబ్కాకు.

ఊరికే కూర్చుంటే తనకు నోరు పెగలదని తెలిసి, సంచిలోంచి పాత షీటు తీసింది. తడిసి ముడతలు పడి ఉంది.

"రత్నం, ఇది గుర్తుందా?"

"ఊఁ. నా కాయితం. ఇక్కడికి వచ్చినప్పుడు నేనే తెచ్చా."

"దీని వెనక ఏముందో తెలుసా?"

రత్నం ఆవిడ ముఖంలోకి చూసింది. ఇదేం ప్రశ్న అన్నట్టుంది ఆ చూపు.

"తెలుసు టీచర్. ఖాదర్‌బీ టీచరు రాస్తంటే పక్కనే నుంచున్నా. కొత్త టీచరుకి ఇవ్వు, ఆవిడ అంతా చూసుకుంటది అని చెప్పింది. ఇచ్చాగా మీకు. మొదటి రోజే ఇచ్చా."

"ఇచ్చావు."

"మీరు చదివారుగా మరి."

బస్సు ఏదో గుంతలో దిగి లేచింది. చదివానని అంటే ఆ మాట అక్కడితో అయిపోయేది. పిల్లకు తెలిసే దారి కూడా లేదు. రెబ్కా షీటు ఒళ్ళో పెట్టుకుంది.

"లేదమ్మా. చదవలేదు. వెనక్కి తిప్పలేదసలు. జిగురు పూసి పుస్తకంలో అతికించేశా. మొన్న మంగళవారం చూశా."

రత్నం చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. రెండు కల్లాలు దాటిపోయాయి. రెబ్కా ఏం వినాల్సి వచ్చినా వినడానికి సిద్ధపడి కూర్చుంది.

"అయితే మీకు తెలవదా? ముందు నించీ?"

"తెలియదు."

"నేను... మీకు తెలిసే ఊరుకుంటన్నారనుకున్నా టీచర్." పిల్ల సంచి పట్టీ వేలికి చుట్టుకుంది. "ఈ ఊళ్ళో అంతేనేమో అనుకున్నా. అందుకే మొదట అడిగినప్పుడు పొయ్యి పొగ అన్నా. తెలిసి కూడా అడుగుతున్నారే అని."

 రెబ్కా తన చేతివేళ్ళకు ఇంకా పోని నీలం రంగు వంక చూసుకుంది. "నన్ను క్షమించు తల్లీ" అంది. క్షమించడమంటే ఏమిటో రత్నానికి అంత తెలిసినట్టు లేదు. కాసేపటికి ఆవిడ భుజానికి తల ఆనించింది. ఇంకాసేపటికి నిద్రపోయింది. గుంటూరు వచ్చేదాకా రెబ్కా భుజం కదపలేదు.

పెదకాకాని దాటాక బస్సు దిగి మైలున్నర నడిస్తే ఆ ఊరు. బడి రేకుల షెడ్డు. హెడ్మాస్టరు జయరావు చలాకీ మనిషి. కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించి, షీటు చూసి, రిజిస్టరులో పేరెక్కించాడు. తరవాత రెబ్కా ఇచ్చిన ఉత్తరం చదివాడు. ముఖం నల్లబడింది. నిజంగానే బాధపడ్డాడు.

"అయ్యయ్యో. ఏం మనుషులండీ. వివరంగా రాశారు మేడం. మంచి పని చేశారు. జాగ్రత్తగా ఫైల్లో ఉంచుతా" అంటూ బల్ల మీద నిలబెట్టిన ఇనుప చువ్వ వైపు చెయ్యి చాచాడు. దానికి అప్పటికే జానెడు ఎత్తున కాగితాలు గుచ్చి ఉన్నాయి.

రెబ్కా లేచి చువ్వ మీద అరచేయి అడ్డం పెట్టింది.

"గుచ్చకండి మాస్టారూ. మీకు దణ్ణం పెడతా. మేం రెండేళ్ళ క్రితం ఇట్టాగే జాగ్రత్త చేశాం." పాత షీటు తీసి, దాని వెనకవైపు చూపించింది. ఎక్కడ, ఎవరు, ఎలా అతికించారో దాచకుండా చెప్పింది. "పిల్ల ఏ టీచరు దగ్గర కూర్చుంటదో ఆవిణ్ణి పిలవండి. ఆవిడ చదవాలి, ఇప్పుడే. తలుపు దగ్గరకి వెయ్యండి."

నాలుగో తరగతి టీచరు అంకమ్మ వచ్చింది. పాతికేళ్ళుంటాయి. చేతుల నిండా సుద్దపొడి. నిలబడే చదివింది. చదివి, ఉత్తరం మడిచి తన సంచిలో పెట్టుకుని, రత్నం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నీ కళ్ళు ఇప్పుడూ ఎర్రగానే ఉన్నాయే?"

"ఇది కల్లంలోదండి. అది వేరే."

"నాకెట్టా తెలుస్తది, ఏది ఏదో?"

రత్నం కొంచెం ఆలోచించింది. పాఠం తెలియని పిల్లకు తెలిసిన పిల్ల చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. "కల్లంలోదైతే అందరికీ ఉంటదండి. అదైతే నా ఒక్కదానికే."

జయరావు గారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అంకమ్మ మాత్రం తిప్పుకోలేదు. లేచి, చేతులు పమిటచెంగుకు తుడుచుకుని, "మీ ఇల్లు ఎక్కడో చూపించు, పోదాం పద" అంది.

ముగ్గురూ ఎండలో నడిచారు. వెంకటేశ్వరమ్మ గుమ్మం ముందు వంగి అలుకుతోంది. చేతులు మోచేతుల దాకా పేడమట్టి. బక్కపలచటి మనిషి, ముఖంలో అలుపు తప్ప ఇంకేమీ కనబడదు. అంకమ్మ చుట్టు తిప్పి మాట్లాడలేదు.

"నమస్కారమండి. మీ పిల్ల నా క్లాసులో చేరింది. చాలా నెమ్మదిగా ఉంది. పిల్లకు పొగ పెట్టకండి వెంకటేశ్వరమ్మ గారూ. రోజూ పొద్దున నేను కళ్ళు చూస్తా. సాయంత్రం మా ఇంటికి పోయేది ఈ వీధినే, వచ్చి కూర్చుని పోతా. నాలుగో తరగతి పిల్లలు నలుగురు మా అరుగు మీద చదువుకుంటారు, రత్నాన్నీ పంపండి."

వెంకటేశ్వరమ్మ అలుకుడు గుడ్డ అలాగే పట్టుకుని లేచి నిలబడింది.

"మాకు పెట్టలేదా? మా అమ్మ పెట్టింది, మా అత్తా పెట్టింది. చచ్చామా? తల్లిలేని పిల్ల చెడిపోతే రేపు ఎవర్నంటారు, మిమ్మల్నా?" ఆవిడ చూపు రెబ్కా మీదకు మళ్ళింది. గొంతు పెరిగింది. "ఆ పంతులమ్మా మోసుకొచ్చింది ఈ మాట? ఊరు మారినా వదలరా మమ్మల్ని? ఎవరు చెప్పారు వీళ్ళకి?"

నేనే అనడానికి రెబ్కా నోరు తెరిచింది. తాను వెళ్ళిపోయేదే, తన మీద పడితే పడనీ. రాసింది నిజంగా తానే కూడా.

"టీచరు గాదు పెద్దమ్మా" అంది రత్నం. అంకమ్మ చెయ్యి పట్టుకోలేదు, రెబ్కా వెనక్కీ చేరలేదు. సంచి రెండు చేతులా గుండెకు ఆనించుకుని, అలికిన తడి అంచున నిలబడి ఉంది. "నేనే చెప్పా. రేపు పెట్టినా చెప్తా."

 వెంకటేశ్వరమ్మ చేతిలోని గుడ్డ నుంచి మట్టినీళ్ళు చుక్కలుచుక్కలుగా కారుతున్నాయి. పిల్లను మొదటిసారి చూస్తున్నట్టు ఆవిడ అలా చూస్తూనే ఉంది. ఆ చూపులో కోపముంది, కోపం వెనక ఇంకేదో ఉంది. తన చిన్నప్పుడు తాను ఎవరితోనూ అనని మాట తన ఎదుట నిలబడి వినపడితే ఎవరికైనా అలాగే ఉంటుందేమో.

అంకమ్మ వెళ్ళి అరుగు మీద పొడిగా ఉన్నచోట చతికిలబడింది. "ఎండన పడి వచ్చాం. కాసిని మంచినీళ్ళు ఇప్పించండి" అంది, ఏమీ జరగనట్టే.

అలవాటుకొద్దీ రత్నం లోపలికి పోబోయింది.

"నువ్వు కూచో" అంది అంకమ్మ.

వెంకటేశ్వరమ్మ ఇంకొక్క క్షణం నిలబడింది. తరవాత గుడ్డ బకెట్టులో పడేసి, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళింది. చెంబు చప్పుడు వినిపించింది. దూరంగా రోడ్డు మీద గుంటూరు పోయే బస్సు హారను మోగింది. మళ్ళీ రెండు గంటల దాకా ఇంకో బస్సు లేదు. రెబ్కా వచ్చి అంకమ్మ పక్కన అరుగు మీద కూర్చుంది. ఇద్దరి మధ్యా కొంచెం జాగా చేస్తే, రత్నం అందులో కూర్చుంది.